'వీడికి రాదులే' అనుకున్న తర్వాత

జూన్ వచ్చిందంటే కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం... ఏ ఊళ్లో చూసినా ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లో ఒక తంతు నడుస్తుంది. పదో తరగతి మార్కులు చూసి, మహా అయితే ఒక పరీక్ష పెట్టి, పిల్లల్ని సెక్షన్లుగా విడదీస్తారు. చాలాచోట్ల మొదటి సెక్షన్‌కి అనుభవమున్న లెక్చరర్లు, పోటీ పరీక్షల మెటీరియల్, రాత్రి స్టడీ అవర్లో పక్కన కూర్చుని డౌట్లు చెప్పే మనుషులు దొరుకుతారు. చివరి సెక్షన్‌కి నిన్నగాక మొన్న చేరిన లెక్చరర్, 'పాసైతే చాలు' అన్న లక్ష్యం. రెండేళ్లు తిరిగేసరికి మొదటి సెక్షన్‌లో ర్యాంకుల ఫ్లెక్సీలు, చివరి సెక్షన్‌లో సప్లిమెంటరీ ఫీజులు. 'మేం జూన్‌లోనే చెప్పాం కదండీ' అంటుంది యాజమాన్యం.

చెప్పింది నిజమైంది, సరే. అది ముందే కనిపెట్టిన నిజమా, లేక చెప్పడం వల్ల నిజమైందా అన్నది ఆ కాలేజీ రికార్డులు చూసి తేల్చలేం. పిల్లవాడి అసలు సత్తా, వాడిమీద పెద్దవాళ్లకున్న అభిప్రాయం, ఆ అభిప్రాయాన్ని బట్టి వాడికి దక్కిన చదువు, మూడూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఆధారం లేని అభిప్రాయాన్ని కావాలనే పుట్టించి, ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలి.

1960లలో అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జాకబ్సన్ అనే స్కూల్ ప్రిన్సిపాల్ కలిసి చేసింది అదే. కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ తెలివితేటల పరీక్ష ఒకటి పెట్టారు. టీచర్లకు మాత్రం, రాబోయే ఏడాదిలో ఎవరు ఒక్కసారిగా వికసిస్తారో చెప్పే కొత్త పరీక్ష ఇది అన్నారు. తర్వాత ప్రతి తరగతిలో సుమారు ఐదో వంతు పిల్లల పేర్లు ఇచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా ముందుకెళ్తారు అని చెప్పారు. ఆ పేర్లు ఎంచుకున్నది లాటరీ పద్ధతిలో. పరీక్షకీ ఆ జాబితాకీ ఏ సంబంధమూ లేదు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష పెడితే, ఒకటో తరగతిలో జాబితాలో ఉన్న పిల్లల స్కోరు సగటున 27 పాయింట్లు పెరిగింది, మిగతావాళ్లది 12. రెండో తరగతిలో 16కి 7. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఫలితాలు 1968లో పుస్తకంగా వచ్చాయి. ఒకరి అంచనా ఇంకొకరి పనితీరుని మార్చడానికి 'పిగ్మాలియన్ ప్రభావం' అన్న పేరు అప్పటి నుంచి స్థిరపడిపోయింది.

మనవైపు వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. 'నమ్మండి, మీ పిల్లలు ఐఐటీలో ఉంటారు' అనేసి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతారు. పై తరగతుల్లో ప్రభావం ఎందుకు కనబడలేదో చెప్పరు. అంత చిన్నపిల్లలకు ఆ పరీక్ష సరిగా పనికిరాదనీ, కొందరి స్కోర్లు నమ్మశక్యంగా లేవనీ ఆ రోజుల్లోనే గట్టి విమర్శలు వచ్చాయని కూడా చెప్పరు. అసలు విషయం ఆ తర్వాతి పరిశోధనల్లో ఉంది. ఒకరి మనసులో అనుకున్నది ఇంకొకరి పనితీరులోకి ఏ దారిన వెళ్తుంది? గాల్లోంచి అయితే వెళ్లదు కదా.

దీనికి రోసెంతాల్ అంతకుముందే, 1963లో, కెర్మిట్ ఫోడ్‌తో కలిసి చేసిన ఎలుకల ప్రయోగం దారి చూపిస్తుంది. 12 మంది విద్యార్థులకు తలా ఐదు మామూలు తెల్ల ఎలుకలు ఇచ్చారు. సగంమందికి ఇవి దారి కనిపెట్టడంలో చురుకైన జాతి అనీ, మిగతావాళ్లకు ఇవి మందకొడి జాతి అనీ చెప్పారు. 'చురుకైన' ఎలుకలే బాగా నేర్చుకున్నాయి. తమ మీద ఎవరికి ఏ అభిప్రాయం ఉందో ఎలుకకు తెలియదు. దానికి తెలిసిందల్లా పట్టుకున్న చెయ్యి ఎలా ఉందన్నదే. మంచి ఎలుకలు దొరికాయనుకున్న విద్యార్థులు వాటిని ఎక్కువసార్లు, మెత్తగా పట్టుకున్నామని తర్వాత తామే చెప్పారు.

అంతకంటే పాతది జర్మనీలో హాన్స్ అనే గుర్రం కథ. లెక్కలు చేస్తుందని పేరు. మూడూ నాలుగూ ఎంత అంటే ఏడుసార్లు గిట్ట కొట్టేది. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు తేల్చిందేమిటంటే, ప్రశ్న అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాడి తల, ఒళ్లు రవ్వంత కదిలేవి. గుర్రం అది పసిగట్టి ఆగిపోయేది. సంక్రాంతికి మన వీధుల్లోకొచ్చే గంగిరెద్దు కూడా 'అయ్యగారికి దండం పెట్టు' అంటే తల ఊపుతుంది. కానీ గంగిరెద్దులవాడికి తానే సైగ చేస్తున్నానని తెలుసు. హాన్స్ యజమాని వాన్ ఓస్టెన్ తెలియకుండానే సైగ చేసేవాడు, అతను మోసగాడు కాడు. బడిలో టీచర్లు ఎక్కువమంది ఈ రెండో రకం. 'నేను అందర్నీ ఒకేలా చూస్తానండి' అని వాళ్లు అనడం అబద్ధమేం కాదు. వాళ్లు చూస్తున్నామనుకునేది అలాగే ఉంటుంది.

ఒకేలా చూడటం లేదని తేలేది క్షణాల లెక్కలో. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల టేపులు విని, టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక సెకను. బాగా చదువుతారనుకున్న పిల్లల దగ్గర రెండు సెకన్ల దాకా, రాదనుకున్న పిల్లల దగ్గర సెకను కంటే తక్కువ. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, 'తెలీదు టీచర్' అనడం తగ్గింది. తడబడే పిల్లవాడికే ఎక్కువ సమయం కావాలి, దొరికేది మాత్రం వాడికే తక్కువ. టీచరు దీన్ని జాలితోనే చేసి ఉండొచ్చు, నలుగురిలో వాడి పరువు పోకూడదని. 'సరే కూర్చో నాన్నా' అన్న మాటలో ప్రేమ ఉంది. వాడికి ఆ లెక్క చెయ్యాల్సిన అవసరం లేదన్న తీర్పూ అందులోనే ఉంది.

మిగతా దారులన్నీ ఇలాంటివే. కష్టమైన ప్రశ్న ఎవరికి వెళ్తుంది, నోట్సులో తప్పు దగ్గర ఎవరికి వివరం రాస్తారు, ఎవరికి ఊరికే ఇంటూ పెట్టి వదిలేస్తారు, ఎవర్ని చూసినప్పుడు మొహం విప్పారుతుంది. ఒక్కోటి చూస్తే లెక్కలోకి రానంత చిన్నది. రోజుకు ఏడెనిమిది పీరియడ్లు, ఏడాదికి రెండువందల పైచిలుకు రోజులు, అలా పదేళ్లు నడిస్తే చిన్నదిగా మిగలదు.

ఆ అభిప్రాయం ఎప్పుడు గట్టిపడుతుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలు ఒకచోట చేర్చి చూశారు. ఎవరో చెప్పిన మాట విని టీచరు తీరు మారడం, ఆ పిల్లలతో పరిచయం రెండు వారాలకు మించనప్పుడే గట్టిగా కనిపించింది. అప్పటికే పిల్లల్ని బాగా ఎరిగిన టీచర్ల మీద పైవాళ్ల మాట దాదాపు పనిచెయ్యలేదు. కళ్ళతో చూసింది, చెవితో విన్నదాన్ని కొట్టేసింది. పాత ప్రయోగంలో పై తరగతుల్లో తేడా లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, ఆ పిల్లల సంగతి బడిలో అందరికీ అప్పటికే తెలిసుంటుంది. దీన్ని మన జూన్ నెల సెక్షన్లకు అన్వయిస్తే, ముద్ర వేసేది సరిగ్గా అది బాగా అంటుకునే రెండు వారాల్లోనే.

పల్లెటూరి బడిలో ఆ ముద్ర పిల్లవాడి కంటే ముందే వచ్చి కూర్చుంటుంది. 'నువ్వు ఫలానావాడి తమ్ముడివి కదూ' అన్న మాట వినని రెండో సంతానం కోనసీమలో ఉండదేమో. 1973లో బర్లీ సీవర్ అనే ఆయన దీన్నే పరిశీలించారు. తమ అన్నకో అక్కకో పాఠం చెప్పిన టీచరు దగ్గరే చదివిన పిల్లల్ని, వేరే టీచరు దగ్గర చదివినవాళ్లతో పోల్చి చూశారు. పెద్దపిల్ల బాగా చదివిన ఇళ్లలో చిన్నవాళ్లకు అదే టీచరు దొరకడం కలిసొచ్చింది. పెద్దపిల్లవాడు చదువులో వెనకబడ్డ ఇళ్లలో, కొత్త టీచరు దగ్గర పడ్డవాళ్లే నయం.

ఇంతా చెప్పాక ఒక బ్రేకు వెయ్యాలి. లీ జస్సిమ్, కెంట్ హార్బర్ 2005లో అప్పటిదాకా జరిగిన ముప్పై ఐదేళ్ల పరిశోధనల్ని జల్లెడ పట్టి చెప్పింది ఏమిటంటే, తరగతి గదుల్లో ఈ ప్రభావం ఉంది, కానీ మామూలుగా చిన్నదే. టీచర్ల అంచనాలు నిజమవడానికి చాలావరకు కారణం అవి మొదటి నుంచీ సరైనవి కావడమే. ఏళ్ల తరబడి పిల్లల్ని చూసినవాళ్లకు ఎవరు ఏపాటో తెలియకుండా ఉంటుందా? కాబట్టి పదో తరగతి లెక్కల్లో తప్పిన ప్రతి పిల్లవాడి వెనకా ఒక టీచరు చిన్నచూపు ఉందని వాదిస్తే అది నిలబడదు. పునాది లేకపోవడం, బడి ఎగ్గొట్టి చెరువు పనికో కొబ్బరి వలుపుకో పోవాల్సి రావడం, ఇంట్లో తాగుడు, ఇవి అంచనాలు కావు.

అదే సమీక్షలో ఇంకో మాట కూడా ఉంది. సమాజంలో అప్పటికే తక్కువగా చూసే గుంపుల పిల్లల మీద ఈ ప్రభావం మామూలు కంటే చాలా ఎక్కువగా ఉండొచ్చని. మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చే ప్రయోగం కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసినది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు 642 మంది, సగం అగ్రకులాలవాళ్లు, సగం దళితులు. కాగితం మీద గళ్ల చిక్కుదారి గీసిచ్చి, బయటికి దారి కనిపెట్టమన్నారు. కనిపెట్టిన ప్రతిదానికీ డబ్బు. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఆట మొదలయ్యే ముందు అందరి ఎదుటా పేరు, తండ్రి పేరు, కులం చదివినప్పుడు దళిత పిల్లలు పూర్తిచేసిన చిక్కుదారులు బాగా తగ్గాయి. అలాంటి పిల్లలే, అలాంటి కాగితాలే. అక్కడ ఎవరూ వాళ్లని ఏమీ అనలేదు. ఇక్కడెవరూ మనకు న్యాయంగా మార్కు వెయ్యరన్న లెక్క వాళ్ల బుర్రలో పడిందని ఒక వివరణ. ప్రయోగంలో చూస్తే ఇది దారుణంగా అనిపిస్తుంది. స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజున క్లాసులో 'ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి' అని పిలవడం మాత్రం మనకు ఆఫీసు పనిలాగే అనిపిస్తుంది.

మరి సెక్షన్లుగా విడదీయడమే పాపమా? ఇక్కడ జవాబు అనుకున్నంత సులువు కాదు. కెన్యాలో ఎస్తేర్ డఫ్లో, పాస్కలీన్ ద్యూపా, మైకేల్ క్రెమర్ 121 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. కొన్ని బడుల్లో పిల్లల్ని మార్కులను బట్టి రెండు సెక్షన్లు చేశారు, మిగతా బడుల్లో కలిపి ఉంచారు. విడదీసిన బడుల్లో పై సగమే కాదు, కింది సగం కూడా ఎక్కువ నేర్చుకుంది. టీచరు పాఠాన్ని ఆ పిల్లల స్థాయికి దించి చెప్పగలిగారు కాబట్టి. అయితే ఒక వివరం మరవకూడదు. అక్కడ ఏ టీచరు ఏ సెక్షన్‌కి వెళ్లాలో లాటరీ తీసి నిర్ణయించారు. మన కాలేజీల్లో కొమ్ములు తిరిగిన ఫిజిక్స్ లెక్చరర్‌ని చివరి సెక్షన్‌కి వేస్తే ఆయన దాన్ని పనిష్మెంటు అనుకుంటాడు, మొదటి సెక్షన్ తల్లిదండ్రులు మర్నాడు ఆఫీసు ముందుంటారు. స్థాయిని బట్టి పాఠం చెప్పడం ఒకటి, స్థాయిని బట్టి లెక్చరర్‌ని ఇవ్వడం ఒకటి. సెక్షన్ పద్ధతిని సమర్థించేవాళ్లు మొదటిదాన్ని చూపించి రెండోది చేస్తున్నారు.

ఆడపిల్లల విషయంలో అంచనా ఇంట్లోనే మొదలవుతుంది, 'ఇంటర్ అయ్యాక చూద్దాం' అన్న మాటతో. చూసేది ఏమిటో అందరికీ తెలుసు. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2012లో వచ్చింది. వరసగా రెండుసార్లు సర్పంచ్ పదవి మహిళలకు కేటాయించిన ఊళ్లలో, కొడుకు మీద పెట్టుకున్న ఆశకూ కూతురి మీద పెట్టుకున్న ఆశకూ మధ్య తేడా తల్లిదండ్రుల్లో పాతిక శాతం తగ్గింది, పిల్లల్లో ముప్పై రెండు శాతం. చదువులో ఆడ మగ తేడా పూర్తిగా చెరిగిపోయింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే. మనవైపు ఎన్ని ఊళ్లలో సంతకం ఆవిడది, పెత్తనం 'సర్పంచ్ గారి భర్త'ది అన్నది వేరే వ్యాసం.

ఇప్పటిదాకా చెప్పింది తక్కువ అంచనా సంగతి. డెల్టాలో ఎక్కువ ఇళ్లను పీడించేది రెండోది, పెద్ద అంచనా. అర ఎకరం అమ్మి కాలేజీ ఫీజు కట్టిన ఇల్లు, కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తూ రాత్రి వీడియో కాల్‌లో 'నీ కోసమే నాన్నా' అనే తల్లి. ఆ పిల్లవాడి మీద నమ్మకానికి లోటేం లేదు. నమ్మకమే మంత్రమైతే వాడు దూసుకుపోవాలి. చాలామంది పరీక్ష హాల్లో వచ్చిన లెక్క కూడా మర్చిపోతారు.

దీన్ని డబ్బుతో కొలిచిన ప్రయోగం ఒకటి మన పక్కనే, మదురై దగ్గర పల్లెల్లో జరిగింది. డాన్ ఏరియలీ, మరో ముగ్గురు చేశారు, 2009లో ప్రచురించారు. 87 మంది చేత జ్ఞాపకశక్తి, చేతివాటం పరీక్షించే ఆరు ఆటలు ఆడించారు. బాగా ఆడితే ఒక్కో ఆటకు కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400. నాలుగొందల వాళ్లు అన్నింట్లో నెగ్గితే వచ్చే మొత్తం అక్కడ ఒక మనిషి సుమారు ఆరునెలల ఖర్చుతో సమానం. అందరికంటే అధ్వానంగా ఆడింది వాళ్లే. నాలుగు, నలభై రూపాయల వాళ్ల మధ్య పెద్ద తేడా లేదు. పోగొట్టుకునేది మరీ పెద్దదైనప్పుడు మనిషి తన చేతుల్ని తానే కాపలా కాయడం మొదలుపెడతాడు. అలవాటుగా జరిగిపోయే పని మీద ఆ కాపలా పడితే చెయ్యి తడబడుతుంది.

క్రీడల్లో దీన్ని ఇట్టే చూడొచ్చనిపిస్తుంది కానీ, అక్కడా తొందరపడకూడదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 'పతకం ఖాయం' అని దేశమంతా రాసేసుకుంది. క్వార్టర్ ఫైనల్లో మలేసియా జంట ఆరోన్ చియా, సో వూయి యిక్ చేతిలో మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాత రెండూ ఓడిపోయారు. అంచనాల బరువు వల్లే అని మర్నాడు విశ్లేషణలు వచ్చేశాయి. ఏడాది తర్వాత, 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, అదే పారిస్‌లో, అదే జంట మీద, మళ్లీ క్వార్టర్ ఫైనల్లోనే రెండు వరస గేముల్లో గెలిచారు. ఎదుటివాళ్లు ఆ రోజు బాగా ఆడటం కూడా ఓటమికి ఒక కారణమే అన్నది విశ్లేషకులు తరచూ మర్చిపోయే సంగతి.

తక్కువ అంచనా, పెద్ద అంచనా రెండూ ఎందుకు దెబ్బ తీస్తాయో చూస్తే రెండింట్లోనూ ఒకే లోటు కనిపిస్తుంది. మొదటిదాంట్లో పిల్లవాడికి ప్రశ్న, సమయం, దిద్దుబాటు అందవు. రెండోదాంట్లో అడగడం ఉంటుంది గానీ అందించడం ఉండదు. 'నువ్వు చెయ్యగలవు' అన్నవాళ్లు ఎలా చెయ్యాలో పక్కన కూర్చుని చెప్పరు, చెప్పలేరు కూడా. భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన కథ మనవైపు ప్రతి బడిలో చెబుతారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడనీ చెబుతారు. తర్వాత ఆయన అమెరికాలో ఎంత పని చేశాడో లోకానికి తెలుసు. ఎవరేమనుకున్నా పట్టుదల ఉంటే చాలని ఆ కథ చివర ముక్తాయిస్తారు. ఎవరి చిన్నచూపు వల్లో ఆగిపోయినవాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయరు కాబట్టి, ఆ లెక్క ఒకవైపే కనిపిస్తుంది.

అందించడం అంటే ఏమిటో 2014లో డేవిడ్ యేగర్ బృందం ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో ఉంది. ఏడో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల్ని వాళ్ల టీచర్లే మామూలుగా దిద్ది, తప్పులన్నీ మార్జిన్‌లో రాశారు. తర్వాత ఒక్కో కాగితానికి ఒక చీటీ అంటించారు. సగం చీటీల మీద 'నీ వ్యాసం గురించి నీకు తెలియడానికి ఈ వ్యాఖ్యలు రాస్తున్నాను' అన్న అర్థం వచ్చే మాట. మిగతా సగం మీద 'నీ దగ్గర్నుంచి చాలా ఆశిస్తున్నాను, నువ్వు అందుకోగలవని తెలుసు కాబట్టే రాస్తున్నాను' అన్నది. ఏ కాగితానికి ఏ చీటీ వెళ్లిందో టీచర్లకు తెలియదు. మొదటి రకం చీటీ అందుకున్న నల్లజాతి పిల్లల్లో 17 శాతం వ్యాసాన్ని తిరగరాసి తెచ్చారు. రెండో రకంలో 72 శాతం. మొత్తం 44 మంది మీద చేసిన చిన్న ప్రయోగం కాబట్టి ఆ అంకెల్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ చీటీ కింద ఉన్న మార్జిన్‌ని గమనించాలి. అక్కడ వివరంగా దిద్దిన తప్పులు అప్పటికే ఉన్నాయి. అరవై మందికి పైగా ఉన్న సెక్షన్‌లో, రోజుకు ఐదారు క్లాసులు చెప్పే లెక్చరర్ ఆదివారం టెస్టు పేపర్ల మీద రాయగలిగేది మార్కు ఒక్కటే. ఆయన దగ్గర చీటీ రాయడానికి మనసుంది, మార్జిన్ నింపడానికి టైమ్ లేదు.